డబుల్ గ్లేజింగ్ వేసినా చల్లబడని నైరుతి పడకగది: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్ శివార్లలోని ఒక కాలనీలో, పడమటి రోడ్డుకు ఎదురుగా ఉన్న రెండంతస్తుల సొంత ఇల్లు ఇది. ఇంటివారిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. కొలతలను, ప్రతి నిర్ణయానికీ వెనక ఉన్న ఆలోచనను, నావల్ల జరిగిన ఒక పొరపాటును మాత్రం దాచకుండా రాస్తున్నాను. ఇళ్లలో వేడి తగ్గించే పనుల మీద సలహాలివ్వడం నా వృత్తి. ఇలాంటి ఇళ్లు ఎన్నో చూశాను గానీ, మంచి సరుకు కొని, మంచి ఉద్దేశంతో బిగించినా సమస్య మరింత ముదరడం ఇంత స్పష్టంగా మరెక్కడా చూడలేదు.

కింది అంతస్తు అద్దెకిచ్చారు. పైన పదవీ విరమణ చేసిన దంపతులు, వారితోపాటు 80 దాటిన పెద్దావిడ ఉంటారు. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడలు, ఐదు అంగుళాల శ్లాబు. శ్లాబు మీద సిమెంటు ప్లాస్టరింగు తప్ప మరే పొరా లేదు, అది కూడా ఏళ్ల తరబడి వానకు తడిసి నల్లబడిపోయింది. వాస్తు ప్రకారం ఇంటి పెద్దల పడకగది నైరుతి మూలన పెట్టారు. గది 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. పడమటి గోడకు నాలుగడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు ఉన్న కిటికీలు రెండు, వాటిపైన రెండడుగుల సజ్జా. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే దాకా ఎండ సూటిగా పడేది ఈ గది మీదే.

కట్టినప్పుడు ఈ కిటికీలకు ఒంటి అద్దం బిగించిన టేకు తలుపులు ఉండేవి, బార్లా తెరుచుకునేవి. నేను వెళ్లడానికి సుమారు ఏడాది ముందు పైఅంతస్తులోని ఎనిమిది కిటికీలనూ తీసేసి యూపీవీసీ చట్రాల స్లైడింగ్ కిటికీలు, వాటిలో రెండు అద్దాల మధ్య గాలి ఖాళీ ఉండే డబుల్ గ్లేజింగ్ వేయించారు. ఈ సలహా అమెరికాలో, ఏటా నెలల తరబడి మంచు కురిసే ఊళ్లో ఉంటున్న వారి అబ్బాయిది. అక్కడ తన ఇంట్లో ఆ కిటికీలు చేసిన మేలు కళ్లారా చూశాడు కాబట్టి, అమ్మానాన్నలు ఎండకు అవస్థ పడకూడదని డబ్బు కూడా తనే పంపాడు. సుమారు రెండు లక్షల రూపాయలు ఖర్చయింది.

సమస్య

2023 మే నెలలో వారు నన్ను పిలిచి అడిగింది ఒక్కటే: ఇంతకన్నా మంచి అద్దం ఏదైనా ఉందా, లేక ఆ గదికి రెండో ఏసీ పెట్టించాలా? ఉన్న ఒకటిన్నర టన్నుల ఏసీ మధ్యాహ్నం నుంచి తెల్లవారేదాకా నడుస్తూనే ఉండేది. "గాలి చల్లగానే తగులుతుందండీ, కానీ పడుకుంటే ముఖం మీద సెగ కొడుతున్నట్టు ఉంటుంది" అన్నారు ఇంటావిడ. ఈ మాటను నేను నోట్సులో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. గాలి చల్లగా ఉండి ముఖానికి సెగ తగులుతోందంటే, వేడి గాలిలోంచి కాక ఏదో ఉపరితలం నుంచి వస్తోందన్నమాట. పడుకున్న మనిషి ముఖానికి ఎదురుగా ఉండేది పైకప్పే.

అయినా ఆ రోజే తీర్పు చెప్పకుండా నాలుగు రోజులు గడువు అడిగాను. గదిలోనూ, బయట నీడలోనూ ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరాలు పెట్టి, శ్లాబు అడుగు భాగాన్ని, గోడలను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రోజుకు ఐదుసార్లు కొలిచాను. ఆ పరికరం అద్దం మీద, మెరిసే లోహం మీద తప్పుడు అంకె చూపించే వీలుంది కాబట్టి అద్దానికి కాగితపు టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి. ఈ చిన్న జాగ్రత్త తీసుకోని రీడింగులు పట్టుకుని లక్షల పనులు నిర్ణయించడం నేను చూశాను, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

బయట గరిష్ఠం 40, 41 డిగ్రీల మధ్య ఉన్న ఆ నాలుగు రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి శ్లాబు పైభాగం 62 డిగ్రీలు చూపింది. ఏసీ ఆపి ఉంచిన రోజు రాత్రి 9 గంటలకు శ్లాబు అడుగు భాగం 40, గదిలోని గాలి 35. అప్పటికి బయట 33కు దిగింది. అంటే ఊరంతా చల్లబడుతున్న వేళకు ఈ గది మాత్రం పగలు తాగిన ఎండను లోపలికి వదులుతోంది. కాంక్రీటూ ఇటుకా వేడిని ఆలస్యంగా అందిస్తాయి, కాబట్టి మధ్యాహ్నం నెత్తిన పడిన ఎండ మంచం దగ్గరికి రాత్రి చేరుతుంది. రాత్రి తొమ్మిదికి కిటికీ నుంచి వచ్చే ఎండ సున్నా కాబట్టి, ఆ వేళ సెగకు కిటికీ అద్దాన్ని నిందించే వీలు లేదు.

మధ్యాహ్నం సంగతి వేరు. నాలుగు గంటలకు కిటికీ అద్దం మీద సజ్జా నీడ ఎంతవరకు దిగిందో స్కెచ్ పెన్నుతో గీత గీశాను. మే మధ్యలో హైదరాబాద్‌లో ఆ వేళకు సూర్యుడు సుమారు 36 డిగ్రీల ఎత్తులో, దాదాపు నేరుగా పడమట ఉంటాడు. రెండడుగుల సజ్జా నీడ సజ్జా అంచు నుంచి అడుగున్నర కిందికే వచ్చింది. ఐదింటికి అది పది అంగుళాలకు తగ్గింది. ఎండ ఉధృతంగా ఉన్న వేళ మూడడుగుల అద్దం బట్టబయలుగా ఉందన్నమాట. దక్షిణపు కిటికీకి ఎంతో మేలు చేసే సజ్జా పడమటి కిటికీకి పెద్దగా అక్కరకు రాదు. అద్దానికీ లోపలి మందపాటి కర్టెనుకూ మధ్య చేయి పెట్టి చూడమని ఇంటాయనతో అన్నాను. ఆయన వెంటనే వెనక్కి తీసేసుకున్నారు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెను దాన్ని ఆపేదేమీ ఉండదు, తాను వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది.

అద్దం ఎందుకు ఆదుకోలేదు

కిటికీల బిల్లులో "6-12-6 క్లియర్" అని మాత్రమే ఉంది. రెండూ మామూలు తెల్లద్దాలు, మధ్యలో 12 మిల్లీమీటర్ల ఖాళీ. అద్దానికి రెండు గుణాలు చూడాలి. బయటి గాలికీ లోపలి గాలికీ ఉన్న తేడా వల్ల ఎంత వేడి దాటుతుందో చెప్పేది యూ-విలువ. నేరుగా పడే ఎండలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పేది ఎస్‌హెచ్‌జీసీ. ఒంటి అద్దానికి యూ-విలువ సుమారు 5.8, తెల్లద్దాల జంటకు సుమారు 2.8, అంటే సగానికి తగ్గినట్టే. ఎస్‌హెచ్‌జీసీ మాత్రం 0.82 నుంచి 0.70 దగ్గరికే దిగుతుంది.

ఇంటివారి ముందే కాగితం మీద లెక్క వేశాను. రెండు కిటికీల్లో కలిపి అద్దం సుమారు 2.7 చదరపు మీటర్లు. సాయంత్రపు ఎండను చదరపు మీటరుకు 600 వాట్లుగా, లోపలికీ బయటికీ తేడాను 10 డిగ్రీలుగా తీసుకున్నాను. పాత ఒంటి అద్దమైతే ఎండ వల్ల 1,330 వాట్లు, గాలి తేడా వల్ల సుమారు 155 వాట్లు లోపలికి వస్తాయి. కొత్త జంట అద్దంతో ఎండ వల్ల 1,130, గాలి తేడా వల్ల 75. మొత్తం మీద తగ్గింది ఐదో వంతుకు లోపే. అదే పాత ఒంటి అద్దాన్ని అలాగే ఉంచి, బయట ఎండలో ఐదింట నాలుగు వంతులను ఆపగల నీడ ఒకటి కట్టి ఉంటే మొత్తం 420 వాట్ల దగ్గర ఆగేది.

అబ్బాయి సలహా తప్పు కాదని కూడా ఈ లెక్కే చెబుతుంది, ఆ మాట వారితో స్పష్టంగా అన్నాను. బయట మైనస్ 15, ఇంట్లో 20 డిగ్రీలు ఉండే చోట తేడా 35 డిగ్రీలు, అదీ పగలూ రాత్రీ. అక్కడ యూ-విలువే ప్రాణం, లోపలికి వచ్చే ఎండ ఉచితంగా దొరికే వెచ్చదనం. మన దగ్గర వేసవిలో తేడా పది పన్నెండు డిగ్రీలే, ఎండ మాత్రం శత్రువు. ఒకే కిటికీకి రెండు ఊళ్లలో రెండు రకాల పని ఉంటుంది. కొనేటప్పుడు యూ-విలువతో పాటు ఎస్‌హెచ్‌జీసీ ఎంత అని అడిగి ఉంటే ఈ సంగతి దుకాణంలోనే తేలిపోయేది.

ఇంకో నష్టం ఎవరి దృష్టికీ రాలేదు. పాత టేకు తలుపులు తెరిస్తే కిటికీ ఖాళీలో పదికి తొమ్మిది వంతులు గాలికి దొరికేది. రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2018లో ఇళ్లలో కరెంటు ఆదా కోసం తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత, హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణానికి, తెరుచుకునే కిటికీల విస్తీర్ణం నేల విస్తీర్ణంలో కనీసం 12.5 శాతం ఉండాలంది. అది 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు వర్తించేలా పెట్టిన నియమం, పైగా ఇల్లు మొత్తానికి వేసే లెక్క. ఈ ఇంటికి వర్తించకపోయినా నేను కొలబద్దగా వాడుకున్నాను. ఈ గదిలో పాత కిటికీలతో 19 శాతం ఉన్నది కొత్తవాటితో 11 శాతం లోపుకు పడిపోయింది. బయట చల్లబడిన రాత్రిగాలి లోపలికి వచ్చే దారినే కుదించుకున్నారు.

ఆ జంట అద్దాల వల్ల మేలే లేదనలేను. రోడ్డు మీది హోరు బాగా తగ్గింది, ఏసీ వేసినప్పుడు చల్లదనం కొంత నిలుస్తోంది. అందుకే వాటిని పీకేయమని చెప్పలేదు.

మొదట చేసినవి, అవి ఎక్కడ ఆగిపోయాయి

మే సగం గడిచిపోయింది. ముందు రోహిణి కార్తె ఉంది, రోళ్లు పగిలే ఎండలు. పెద్దావిడ అప్పటికే రెండుసార్లు నీరసించి పడిపోయారు. కాబట్టి పెద్ద పనులు శీతాకాలానికి వాయిదా వేసి, వారంలో ఊరట ఇచ్చేవి రెండు ఎంచుకున్నాను. ఒకటి సరైనదే, రెండోది నా తప్పు.

సరైనది శ్లాబు మీద సున్నం. మేస్త్రీ చేత మురికి గీకించి, కడిగించి, జిగురు కలిపిన సున్నం మూడు పూతలు వేయించాం. అయిన ఖర్చు కొన్ని వేల రూపాయలే. మధ్యాహ్నం శ్లాబు పైభాగం 62 నుంచి 45కు, రాత్రి తొమ్మిదికి అడుగు భాగం 40 నుంచి 37కు దిగింది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానం ప్రకటించినప్పటి నుంచి చాలామంది దీని గురించి అడుగుతున్నారు. ఈ గదిలో రీడింగులు చూశాక, చేతిలో డబ్బు తక్కువున్నవారు మొదట చేయవలసిన పని ఇదేనని నేను ఇంకా గట్టిగా చెబుతున్నాను. అయితే దసరా వచ్చేసరికి వానలకు సగం కొట్టుకుపోయింది, మిగిలినదాని మీద దుమ్ము పేరుకుంది. ఏటా వేసవికి ముందు మళ్లీ వేయించగలిగితే సున్నమే చాలు. ఆ దంపతులకు ఏటా ఆ పని మీద వేసుకునే ఓపిక లేదు.

ఇక నా తప్పు. పడమటి కిటికీల లోపలి అద్దానికి ఎండను తగ్గించే ముదురు రంగు ఫిల్ము అంటించడానికి ఒప్పుకున్నాను. ఒంటి అద్దాలకు ఆ ఫిల్ము ఎన్నోసార్లు వాడాను, అదే అలవాటు ఇక్కడ నన్ను తప్పుదారి పట్టించింది. ముదురు ఫిల్ము ఎండను తిప్పికొట్టేది కొంతే, చాలావరకు తనలోకి తీసుకుంటుంది. ఒంటి అద్దమైతే ఆ వేడిలో చాలా భాగం బయటి గాలికి పోతుంది. జంట అద్దంలో లోపలి అద్దానికి బయటివైపు ఉన్నది గాలి ఖాళీ, వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచడమే దాని పని. దాంతో అద్దం నడిమి భాగం కాలిపోతుంటే, చట్రంలో ఇరుక్కుని నీడలో ఉన్న అంచులు చల్లగా ఉండిపోయాయి. సుమారు మూడు వారాలకు ఒక సాయంత్రం టప్‌మని చప్పుడై లోపలి అద్దం పగిలింది. వెళ్లి చూస్తే పగులు కింది అంచుకు సరిగ్గా లంబంగా మొదలై, రెండంగుళాలు నిటారుగా పైకి వెళ్లి, ఆ తర్వాత వంకర తిరిగింది. దెబ్బ తగిలి పగిలిన అద్దంలో గీతలు ఒక బిందువు నుంచి చుట్టూ చిమ్ముతాయి. అంచు నుంచి లంబంగా మొదలయ్యే ఒంటి గీత మాత్రం వేడి తేడా వల్ల పగిలిందనడానికి గుర్తు. బిగించినవారిని అనడానికి ఏమీ లేదు, నిర్ణయం నాది. ఆ అద్దం ఖర్చు నేను పెట్టుకున్నాను, మిగతా కిటికీ ఫిల్ము ఆ రోజే తీయించాను. జంట అద్దాలకు ఫిల్ము వేయాలంటే, ఆ అద్దం దానికి తట్టుకుంటుందని తయారీదారు రాసిచ్చాకే వేయాలన్నది అప్పటి నుంచీ నా నియమం.

ఎండను అద్దానికి బయటే ఆపాలని అప్పటికే స్పష్టమైంది కాబట్టి, తర్వాత పడమటి కిటికీలకు బయట వెదురు తెరలు కట్టించాం. ఆలోచన మంచిదే. కట్టిన మొదటి వారం సాయంత్రం గది గాలి దాదాపు రెండు డిగ్రీలు తగ్గింది. కానీ ఆ కాలనీలో కోతుల బెడద ఉంది. పది రోజుల్లో ఒక తెరను పుల్ల పుల్లగా పీకేశాయి, రెండోది ఆ తర్వాత వచ్చిన గాలివానకు తాళ్లు తెగి కింది వాటా వరండాలో పడింది. అదృష్టవశాత్తూ అక్కడ ఎవరూ లేరు. వెదురు మంచి సరుకే అయినా ఆ చోటుకు, ఆ ఎత్తుకు, ఆ కట్టుడుకు సరిపోలేదు.

శీతాకాలంలో చేసిన పని

ముందు పైకప్పు. మామూలు ఐదు అంగుళాల శ్లాబు యూ-విలువ సుమారు 3.4 ఉంటుంది. 2018 ఎకో నివాస్ సంహిత పైకప్పుకు అనుమతించిన గరిష్ఠం 1.2. అక్కడికి చేరడానికి నాలుగు దారులు ఇంటివారి ముందు పెట్టాను.

లోపల ఫాల్స్ సీలింగ్ వేసి దాని పైన దూది లాంటి ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) పరచడం అన్నిటికన్నా సులువు. నేను వద్దన్నాను. పడమటి గోడ మీద, శ్లాబు కింద, గోడ పొడవునా అడ్డంగా సన్నని పగులు ఉంది. శ్లాబు రోజూ ఎండకు సాగి, రాత్రికి ముడుచుకోవడం వల్ల వచ్చే పగులు అది. ఇన్సులేషన్ లోపల పెడితే సెగ తగ్గుతుంది గానీ శ్లాబు ఎప్పటిలాగే కాలుతుంది, పగులు పెరుగుతుంది. కాబట్టి పొర ఏదైనా శ్లాబు పైనే ఉండాలి.

ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి నాలుగంగుళాల మందాన పరిచి కొట్టే పాత పద్ధతి ఇంటాయనకు ఇష్టం. వాళ్ల ఊళ్లో తాతగారి మిద్దె అలాంటిదట. ఆ పద్ధతి మీద నాకూ గౌరవముంది. అయితే లెక్క వేస్తే నాలుగంగుళాల పొరతో యూ-విలువ సుమారు 2.4 దగ్గరే ఆగుతోంది, చదరపు మీటరుకు 190 కిలోల దాకా బరువు పడుతోంది. తాతగారి మిద్దెను చల్లగా ఉంచింది ఆ పొర ఒక్కటే కాదు, మందపాటి గోడలు, ఎత్తైన కప్పు, చుట్టూ చెట్లు. కుండలు బోర్లించి మధ్య సందులు సున్నంతో నింపే పద్ధతి కూడా పరిశీలించాను. అది బాగా చేయగల పనివారు దగ్గరలో దొరకలేదు, సగం తెలిసినవారితో చేయిస్తే వాన నీరు లోపల నిలిచే ప్రమాదం ఉంది.

చివరికి ఎంచుకున్నది ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురుగు పలకలు. రెండంగుళాల మందం, చదరపు మీటరుకు రెండు కిలోల లోపు బరువు, యూ-విలువ సుమారు 0.5. "ఇది కూడా ప్లాస్టిక్కే కదండీ, దీన్ని పర్యావరణహితం అని ఎలా అంటారు?" అని ఇంటాయన నిలదీశారు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. పెట్రోలియం నుంచి వచ్చే సరుకే అని ఒప్పుకున్నాను. అయితే ఇది ఒక్కసారి వేస్తే ఎండా నీరూ తగలకుండా దశాబ్దాలు ఉంటుంది. ఈ ఇంట్లో అంతకన్నా పెద్ద ఖర్చు ఏటా నాలుగు నెలలు రాత్రంతా నడిచే ఏసీ కరెంటు, అందులో ఎక్కువ భాగం బొగ్గు కాల్చి తీసేదే. శ్లాబు బరువు మోయగలిగి, కుండల పని తెలిసినవారు ఉండి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. ఆయన రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు.

మొదట వాటర్‌ప్రూఫింగ్, దాని మీద పలకలు, వాటిపైన జాలీ వేసిన పల్చని కాంక్రీటు, నీరు గొట్టాల వైపు పారేలా వాలు, అన్నిటికన్నా పైన తెల్ల టైలు ముక్కలు. ఆ ముక్కలు టైల్స్ దుకాణాల్లో పగిలి మూలన పడేసినవి. మేస్త్రీ బేరమాడి గోనె సంచుల్లో తెచ్చాడు. దుమ్ము పట్టినా నాలుగు బకెట్ల నీళ్లతో కడిగేస్తే మళ్లీ తెల్లగా అవుతాయి. సున్నం దగ్గర వచ్చిన చిక్కు దీనితో తీరింది.

కిటికీలకు బయట ఏం పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. అల్యూమినియం రెక్కల తెరలు రెడీమేడ్‌గా దొరుకుతాయి, కోతులు పీకలేవు. రెండు కిటికీలకూ కలిపి 45 కిలోల దాకా పడుతుందని అంచనా వచ్చింది. ఖనిజం నుంచి తీసిన ఒక కిలో అల్యూమినియానికి కరిగించే దశలోనే సుమారు 14 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. పాత లోహాన్ని కరిగించి పోసినదైతే అందులో చాలా చిన్న వంతు చాలు, కానీ అమ్మేవారు ఏది ఏదో చెప్పలేకపోయారు. ఇలా తర్జనభర్జన పడుతుండగా, మెట్ల కింద పాత చాపలూ డబ్బాల వెనక నిలబెట్టి ఉన్న కట్టెలు కంటపడ్డాయి. తీసేసిన ఎనిమిది కిటికీల టేకు తలుపులు! అమ్మడానికి మనసొప్పక పెద్దావిడ అక్కడ పెట్టించారట. ఒక మూల గీకి చూస్తే లోపల తేనె రంగు, చెదల జాడ లేదు.

వడ్రంగి వాటిని విప్పి, రెండున్నర అంగుళాల వెడల్పు చెక్కలుగా కోసి, 45 డిగ్రీల వాలుతో, రెండంగుళాల ఎడంతో చట్రాల్లో బిగించాడు. ఆ కొలతకు కారణముంది. అంత వాలు, అంత ఎడం ఉంటే పొద్దు దాదాపు గూకే దాకా నేరు ఎండ చెక్కల మధ్యనుంచి అద్దాన్ని చేరదు, గాలీ వెలుతురూ మాత్రం వస్తాయి. ఈ తలుపులు కిటికీకి బయట, అద్దానికి నాలుగంగుళాల దూరంలో ఉంటాయి. వేడెక్కిన గాలి మధ్యలో నిలవకుండా పైన ఖాళీ వదిలాం. లోపలినుంచి గడియ పడుతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దొంగల భయంతో రాత్రి కిటికీలు మూసుకునే ఇళ్లలో గాలి ఆడాలంటే ఇదే ముఖ్యం. పగిలిన అద్దం స్థానంలో ఎండను తగ్గించే ఖరీదైన సోలార్ కంట్రోల్ అద్దం వేద్దామా అన్న ప్రశ్న వచ్చింది. బయట నీడ వచ్చేశాక దాని అవసరం తగ్గిపోయింది, పైగా అది గదిని మసక చేస్తుంది. అందుకే మళ్లీ తెల్లద్దమే వేయించాం.

లోపలికి వచ్చిన గాలికి బయటికి దారి కావాలి. పడకగది తలుపు పైన ఎప్పుడో మూసేసిన వెంటిలేటరు మళ్లీ తెరిపించి, మెట్ల గది పైన జాలీతో ఎప్పుడూ తెరిచి ఉండే కిటికీ పెట్టించాం. వేడిగాలి తనంతట తానే పైకి పోతుంది, పడమటి కిటికీల్లోంచి రాత్రిగాలి లోపలికి వస్తుంది. హాల్లో తూర్పు వైపు రెండు స్లైడింగులను బార్లా తెరుచుకునే రకానికి మార్పించాం.

ఫలితం, దాన్ని ఎలా చదివాను

2024 వేసవిలో మళ్లీ పరికరాలు పెట్టాను. ఏ రోజుతో ఏ రోజును పోల్చాలన్నది జాగ్రత్తగా తేల్చుకోవాలి, ఎందుకంటే చల్లని వేసవి ఏ పనినైనా గొప్పగా చూపిస్తుంది. బయట గరిష్ఠం 40, 41 మధ్య ఉన్న రోజులనే ఎంచి, ఏసీ ఆపి కొలిచాను. రాత్రి తొమ్మిదికి శ్లాబు అడుగు భాగం 34, గది గాలి 33. ముఖం మీద సెగ లేదని ఇంటావిడ చెప్పిన మాట నాకు ఈ అంకెలతో సమానం. ఏసీ ఇప్పుడు రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు వరకు 26 డిగ్రీల మీద, ఫ్యానుతో కలిపి నడుస్తోంది. రెండో ఏసీ ఆలోచన మానుకున్నారు. మెరుగుదలలో ఎక్కువ వాటా పైకప్పుది, సాయంత్రపు ఊరటలో ఎక్కువ వాటా చెక్క తలుపులది. జంట అద్దాల వాటా ఈ రెండింటి తర్వాతే.

చెక్క తలుపుల ఫలితం వాటిని మూసే మనిషి మీద ఆధారపడి ఉందని ఒక వారం రీడింగులు చూపించాయి. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు వాటిని మూసేది పెద్దావిడే. ఆ వారం ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లారు, తలుపులు తెరిచే ఉండిపోయాయి. గ్రాఫులో సాయంత్రం ఐదింటి ఉష్ణోగ్రత గీత అంతకు ముందు ఏడాది లాగే నిటారుగా పైకి లేచింది. ఆ తర్వాత ఇలాంటి ఇళ్లలో తలుపు ఎవరు మూస్తారన్న ప్రశ్న మొదటి రోజే అడుగుతున్నాను. మూసేవారు లేని ఇంట్లో ఎప్పుడూ కదలని అమరిక పెట్టాలి, వెలుతురు కొంత తగ్గినా సరే.

పని వరుస విషయంలో కూడా నా పద్ధతి మారింది. ఎవరైనా "ఏ అద్దం మంచిది?" అని అడిగితే, శ్లాబు మీద ఏముందో, కిటికీ ఏ దిక్కుకు ఉందో, రాత్రి తెరుస్తారో లేదో తెలుసుకోకుండా జవాబివ్వడం లేదు. కొత్తగా కట్టేవారు ఏఏసీ బ్లాకులా (గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు దిమ్మెలు), ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకలా అని అడిగినప్పుడూ అంతే. ఏఏసీ గోడ వేడిని ఎర్ర ఇటుక కన్నా బాగా ఆపుతుందన్నది నిజం. కానీ నైరుతి గదికి నీడ లేని పెద్ద అద్దాలు పెట్టుకుంటే, గోడలో ఆదా చేసినదంతా అద్దంలోంచి లోపలికి వచ్చేస్తుంది.

ఈ ఇంట్లో తేలని సమస్య ఒకటి మిగిలింది. పడమటి గోడ లోపలివైపు రాత్రి పదికి ఇంకా 36, 37 చూపిస్తోంది. తొమ్మిదంగుళాల ఇటుక సాయంత్రం తాగిన ఎండను అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. బయటివైపు ఇన్సులేషన్ ప్లాస్టరింగు వేయవచ్చు గానీ ఖర్చు ఎక్కువ, వారికి మరో పెద్ద పని పెట్టుకునే ఓపిక కూడా లేదు. ఆ వానాకాలంలో గోడకు ఆరంగుళాల ఎడంగా ఇనుప తీగలు కట్టి, కింద రెండు చోట్ల రాధామనోహరం తీగ నాటించాం. మొన్న వెళ్లినప్పుడు అది కింది అంతస్తు సజ్జా దాటి, పైకిటికీ గడప దగ్గరికి వచ్చింది. గోడ మీద కొలత తీసే చోట్లు సుద్దతో గుర్తుపెట్టి వచ్చాను.